జమ్మి చెట్టు ఉన్న చోట ఎడారి ఎట్లయితది: జోధ్‌పూర్ నుంచి కణేకల్లు దాకా

ఇంటికొచ్చి వారం దాటింది, బూట్లలో ఇసుక ఇంకా రాలుతానే ఉంది, మర్చిపోకముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నా. నాది అనంతపురం. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తా, పక్కన పీహెచ్‌డీ నడుస్తోంది, మన రాతల్లో పేపర్లలో ఉపన్యాసాల్లో 'ఎడారి' అనే మాట ఎట్లా వాడతారు అన్నది నా టాపిక్. "దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది మన జిల్లాలోనే" అనే మాట బడిలో విన్నా, బస్సులో విన్నా, ఎలక్షన్ మీటింగుల్లో విన్నా. ఆ వాక్యంలో మన పేరుకి ముందున్న ఊరిని ఒక్కసారైనా కళ్లతో చూడాలని ఎన్నేళ్ల కోరికో. సంక్రాంతి సెలవుల్లో కుదిరింది. మా కాలేజీలో జాగ్రఫీ సార్, వాళ్లావిడ (నేను అక్కా అంటా), నేను, ముగ్గురం బయల్దేరినాం. ప్రయాణం సంగతి వదిలేస్తా, నేరుగా జోధ్‌పూర్‌లో దిగినకాడి నుంచి చెప్తా.

జనవరి 8, జోధ్‌పూర్

మొదట తెలిసింది చలి. ఎడారికి పోతున్నామని నూలు చీరలు, గొడుగు, టోపీ సర్దుకున్న అక్క పొద్దున ఆరుకి స్టేషన్ బయట వణికిపోతా నిలబడింది, అక్కడే 350 పెట్టి ఒక శాలువా కొన్నాం. ఎడారి అంటే వేడి అని మన బుర్రలో ఎట్లా పాతుకుపోయిందో అప్పుడు అర్థమైంది. వాన తక్కువైతే ఎడారి, అంతే, వేడికీ దానికీ లంకె లేదు, లడఖ్ కూడా ఎడారే అని సార్ టీ తాగతా చెప్పినారు.

టీ 15 రూపాయలు, అల్లం గట్టిగా దంచి వేసినారు. పక్కన మిర్చి వడా. మన మిర్చి బజ్జీకి అన్న లాంటిది, లావు మిరపకాయ చీల్చి లోపల ఆలుగడ్డ కూర కూరి శనగపిండిలో ముంచి వేయిస్తారు, కానీ దాన్ని బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టుకుని తింటారు. బ్రెడ్డు వద్దన్నామని కొట్టు పెద్దాయన బాధపడినాడు, సరే పెట్టమన్నాం, తిన్నాక ఆయనదే కరెక్టు అనిపించింది, కారానికి ఆ బ్రెడ్డు ఉండాల్సిందే. ఇక్కడ ఎవరిని పిలిచినా చివర 'సా' తగిలిస్తారు, మన 'గారు' లాగా. సాయంత్రానికి అక్క నన్ను కూడా 'సా' అనడం మొదలుపెట్టింది.

జనవరి 9, కాజ్రీ

కాజ్రీ అంటే సెంట్రల్ ఆరిడ్ జోన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. 1952లో ఎడారిలో చెట్లు పెంచే చిన్న కేంద్రంగా మొదలై 1959లో ఈ పేరుతో పెద్ద సంస్థ అయింది. ముందే ఉత్తరం రాసి ఉండటంతో ఒక సైంటిస్టు గంటన్నర కూర్చోబెట్టుకుని మాట్లాడినారు.

నేను మొదట అడిగింది మా జిల్లా గురించే. మేం నిజంగా ఎడారేనా సార్ అని. ఆయన నవ్వలేదు, పేపర్ తీసి లెక్క గీసినారు. మన దేశంలో వేడి పొడి నేల దాదాపు 3 కోట్ల 17 లక్షల హెక్టార్లు, అందులో 60 శాతం పైన రాజస్థాన్‌దే, ఆ తర్వాత గుజరాత్, పంజాబ్ హర్యానాల్లో కొంత, ఆంధ్రా కర్ణాటకల్లో కొంత. ఆ ఆంధ్రా ముక్కలో ముఖ్యంగా ఉన్నది మేమే. అంటే వాళ్ల మ్యాపులో మేం ఉన్నాం. కానీ ఇంకో కొలత ఉంది, పడే వానని, అక్కడి ఎండకీ గాలికీ ఎంత నీరు ఆవిరైపోగలదో ఆ లెక్కతో భాగించేది. అది 0.2 లోపుంటే ఆరిడ్, 0.2 నుంచి 0.5 మధ్య సెమీ ఆరిడ్. మా దగ్గర ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, జైసల్మేర్‌లో 200 కూడా దాటడం కష్టం. ఈ కొలతలో మేం 0.2 పైనే ఉంటాం, జైసల్మేర్ చాలా కింద. ఒక స్కేలు పెడితే పొడి నేల, ఇంకో స్కేలు పెడితే సగం పొడి. నేను పుట్టినప్పటి నుంచి విన్న వాక్యంలో ఆ రెండు ఊర్ల మధ్య ఇంత దూరం ఉందని ఒక్కరూ చెప్పలేదు.

తర్వాత ఆయన చెప్పింది నోట్‌బుక్‌లో మూడు పేజీలైంది. 1950ల్లో ఢిల్లీలో ఒక భయం ఉండేదంట, రాజస్థాన్ ఎడారి ఏటా అర మైలు చొప్పున యూపీ వైపు నడిచి వస్తోందని. సుడాన్‌లో కూడా అట్లాగే, 1975లో హ్యూ లాంప్రే అనే ఆయన విమానంలో తిరిగి చూసి సహారా ఏటా ఐదారు కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతోందని రిపోర్టు ఇచ్చినాడు, ప్రపంచమంతా అదే పట్టుకుంది. తర్వాత స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ వాళ్లు అదే జాగాని శాటిలైట్ ఫోటోలతో, నేల మీద తిరిగి చూస్తే అట్లాంటి నడక కనపడలేదు. వానలు తగ్గిన ఏళ్లలో పచ్చదనం వెనక్కి పోయింది, వానలు రాగానే తిరిగొచ్చింది. "ఎడారి సైన్యం కాదు, నడిచి రాదు. నేల ఎక్కడుంటే అక్కడే చెడిపోతుంది" అన్నారు. 1994 నాటి ఐక్యరాజ్య సమితి ఒప్పందంలో కూడా ఎడారీకరణకి ఇచ్చిన అర్థం ఇదే, పొడి నేలలు వాతావరణం వల్లా మనుషుల వల్లా సారం పోగొట్టుకోవడం.

నేను చదివిన పేపర్ కటింగుల్లో ఎడారి ఎప్పుడూ 'కమ్ముకొస్తోంది', 'మింగేస్తోంది', 'ముంచుకొస్తోంది'. అన్నీ శత్రువుకి వాడే క్రియలు. బయటి నుంచి వచ్చేది అనుకుంటే ఊర్లో బోర్లు ఎన్ని వేసినాం, ఏళ్ల తరబడి అదే నేలలో ఒక్క వేరుశనక్కాయే ఎందుకు వేసినాం అన్న ప్రశ్న రాదు కదా.

జనవరి 10, ఖేజర్లీ

జోధ్‌పూర్ నుంచి పాతిక కిలోమీటర్లు, ఆటో పోను రాను 800 అడిగి 700కి ఒప్పుకున్నాడు. 1730లో ఇక్కడ రాజు మనుషులు కోట కోసం సున్నం కాల్చడానికి ఖేజ్రీ చెట్లు నరకడానికి వస్తే అమృతాదేవి అనే బిష్నోయి (చెట్లనీ జంతువుల్నీ కాపాడటం నియమంగా పెట్టుకున్న తెగ) ఆవిడ చెట్టుని వాటేసుకుని నిలబడింది, ఆమెతో మొదలుపెట్టి 363 మంది ప్రాణాలిచ్చినారు. తల పోయి చెట్టు దక్కినా బేరం చవకే అన్న మాట ఆమెది అని ఇప్పటికీ ప్రతి పిల్లోడూ చెప్తాడు.

ఆ చెట్టుని దగ్గరికిపోయి చూసి నేను అట్లాగే నిలబడిపోయినా. చిన్న చిన్న ఆకులు, బూడిద రంగు కొమ్మలు, సన్న ముళ్లు. "అక్కా ఇది జమ్మి చెట్టు" అన్నా. అక్క దండం పెట్టుకుంది. దసరా రోజు మేం చుట్టూ తిరిగి ఆకు తెచ్చి పెద్దోళ్ల చేతిలో పెట్టే జమ్మి, పాండవులు ఆయుధాలు దాచిన శమీ, అదే ఖేజ్రీ. రాజస్థాన్ 1983లో దీన్ని రాష్ట్ర వృక్షం చేసుకుంది, తెలంగాణ 2014లో చేసుకుంది, రెండు చోట్లా ఒక్కటే చెట్టు. ఇక్కడ అమరుల జాతర భాద్రపద శుద్ధ దశమికి, మన జమ్మి పూజ సరిగ్గా నెల తర్వాత ఆశ్వయుజ శుద్ధ దశమికి. నేను ఇన్నేళ్లు ఎడారి అంటే పరాయి అనుకున్నా, దాని తల్లి చెట్టు మా ఊరి గుడి వెనకే ఉంది.

ఊర్లో ఒక బిష్నోయి ఇంట్లో మధ్యాహ్నం తినమన్నారు. డబ్బులు ఇస్తామంటే ఆ ఇంటావిడ ముఖం పక్కకి తిప్పుకుంది, తప్పు చేసినామని తెలిసింది, తర్వాత అక్క వాళ్ల పాప చేతిలో గాజులు పెట్టి సర్దుకుంది. సోగ్రా పెట్టినారు, అంటే సజ్జ రొట్టె, మన దగ్గర కంటే రెండింతల మందం, మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోస్తారు. పక్కన కఢీ (మన మజ్జిగ పులుసు లాంటిది), ఎండు సాంగ్రీ కూర. సాంగ్రీ అంటే జమ్మి కాయలే! లేతవి కోసి ఉడికించి ఎండబెట్టి ఏడాదంతా దాచుకుంటారంట. పుల్లగా, కొంచెం వగరుగా, నూనెలో బాగా వేగినాక మాంసం లాంటి రుచి. కరువు ఏళ్లలో ఈ చెట్టు బెరడు కూడా పిండిలో కలుపుకుని తిన్నారని ఆ ఇంటి ముసలాయన చెప్పినాడు. మేం జమ్మిని దేవుడి చెట్టుగా మొక్కుతాం గానీ తినం. వాళ్లు మొక్కుతారు, తింటారు, మేకలకి ఆకు వేస్తారు, దాని కిందే సజ్జలు విత్తుతారు, వేరు లోతుకి పోతుంది కాబట్టి పైరుతో పోటీ పడదంట.

తిరుగు దారిలో ఇంకో చెట్టు గుంపులు గుంపులుగా. విలాయతీ బబూల్ అన్నాడు ఆటో భయ్యా. మన సర్కారు తుమ్మ! దాని కథ సార్ చెప్పినారు, మనదేశంలో దీని విత్తనాలు మొదట నాటింది 1877లో మన కడప జిల్లా కమలాపురం దగ్గరే. ఆరు నెలల్లో పచ్చగా చేస్తది కదా అని తర్వాత ఎడారిలోనూ చల్లినారు. ఇప్పుడు గడ్డి లేదు, జమ్మి మొలక లేదు, అంతా ఇదే. 'ఎడారిని పచ్చగా చేద్దాం' అనే మాటలో ఎంత నష్టం దాగి ఉందో దాని ముళ్లు చూస్తే తెలుస్తది.

జనవరి 12, జైసల్మేర్

కోట గురించి అందరూ రాసినారు, నేను రాయను. పసుపు రాయి ఎండకి బంగారంలా ఉంటది, నిజమే.

రాత్రి హోటల్ మేడ మీద ఒక తమిళ అమ్మాయి కలిసింది, చెన్నైలో సాహిత్యం చదువుతోంది. నేను చేసే పని చెప్పంగానే "పాలై" అన్నది. పాత తమిళ సంగం కవిత్వంలో ఐదు రకాల నేలలు, ఒక్కో నేలకి ఒక్కో ప్రేమ దశ. కొండ నేల కలయికకి, అడవి నేల ఎదురుచూపుకి, అట్లా. పాలై అంటే ఎండిపోయిన నేల, విడిపోవడానికి గుర్తు. కానీ పాలై విడిగా ఒక చోట ఉండదంట. అడవి నేల, కొండ నేల ఎండాకాలం మాడిపోయి తమ గుణం పోగొట్టుకుంటే అదే పాలై అవుతుందని శిలప్పదికారం అనే తమిళ కావ్యంలో ఉంది. వాన పడితే మళ్లీ అడవే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాజ్రీలో సైంటిస్టు శాటిలైట్ ఫోటోల గురించి చెప్పింది, ఆ కవులు ఎప్పుడో చెప్పింది, రెండూ ఒకటే.

మరి మన భాషలో? సంస్కృతంలో మరుభూమి అంటే ఎడారి, మార్వాడ్ (జోధ్‌పూర్ సీమ) పేరులో ఉన్నది కూడా ఆ మరువే. అదే మాట తెలుగులోకి వచ్చి శ్మశానం అయి కూర్చుంది. మరుభూమి అంటే మనలో ఎంతమందికి ఇసుక గుర్తొస్తది? అందరికీ కాటి మంటలే. పక్కన కన్నడంలో మరళుగాడు అంటారు, ఇసుక అడవి అని. ఇంగ్లీషు డెజర్ట్ లాటిన్ నుంచి వచ్చింది, విడిచిపెట్టినది అని అర్థం. ఒకరికి చావు, ఒకరికి అడవి, ఒకరికి వదిలేసిన చోటు. ఏ మాట వాడితే ఆ నేలతో ఆ తీరుగానే నడుచుకుంటాం అని నాకు గట్టిగా అనిపిస్తది. ఇప్పుడు కూరగాయలు దొరకని పేటల్ని ఫుడ్ డెజర్ట్, అంటే తిండి ఎడారి, అంటున్నారు, ఆ మాట 1990ల మొదట్లో స్కాట్లాండ్‌లో పుట్టింది. అమెరికాలో కారెన్ వాషింగ్టన్ అనే ఆవిడ దాన్ని ఒప్పుకోదు, ఎడారి ప్రకృతి చేసింది, మా పేటకి కూరగాయలు రాకుండా చేసింది మనుషులు, కాబట్టి దాన్ని ఫుడ్ అపార్థైడ్ (తిండిలో జాతి వివక్ష) అనండి అంటుంది. చదువుల ఎడారి, వైద్యం ఎడారి అని మనమూ రాస్తాం. నేనూ రాసినా. ఇక రాయలేను.

జనవరి 14, ఖడీన్

సంక్రాంతి. ఇంట్లో ముగ్గులు గుర్తొచ్చి అక్క హోటల్ గుమ్మం ముందు బియ్యప్పిండి దొరక్క గోధుమ పిండితో చిన్న ముగ్గేసింది, హోటల్ వాళ్లమ్మ వచ్చి చూసి నువ్వుల లడ్లు తెచ్చి పెట్టింది. ఇక్కడా ఈరోజు నువ్వులే.

జీపు 1,800కి మాట్లాడుకుని కుల్‌ధరా వైపు పోయినాం. పాలీవాల్ బ్రాహ్మలు 19వ శతాబ్దం మొదట్లో వదిలేసిపోయిన ఊరు, దయ్యాల ఊరని గైడ్లు అరుస్తుంటారు. నాకు కావాల్సింది దయ్యాలు కాదు, వాళ్లు కట్టిన ఖడీన్లు. చుట్టూ రాతి గుట్టలు, వాటి మీద పడిన వాన జారి పల్లంలోకి వస్తది, ఆ పల్లానికి అడ్డంగా పొడవాటి మట్టి కట్ట. నీళ్లు వానాకాలమంతా అక్కడే నిలబడి ఇంకుతాయి, చలికాలం మొదట్లో నీళ్లు తగ్గినాక ఆ తడిలో గోధుమ, శనగ విత్తుతారు. ఇంకో చుక్క పెట్టరు. చుట్టూ రాళ్లు, ముళ్లు, మధ్యలో మోకాలెత్తు పచ్చటి శనగ చేను! అక్క గట్టుమీద కూర్చుని చాలాసేపు లేవలేదు. 200 మిల్లీమీటర్ల వానతో గోధుమ పండిస్తున్నారు, మాకు 550 పడుతుంది, మా తాతల చెరువులు మేమే పూడ్చుకుని వెయ్యి అడుగుల బోర్లు దింపుతున్నాం. కోపం కాదు, ఏడుపొచ్చింది.

జనవరి 15, దారి తప్పి ఓరణ్‌లోకి

ఈ రోజు దేగ్‌రాయ్ మాత గుడి ఓరణ్ చూడాలని బయల్దేరినాం. ఓరణ్ అంటే దేవుడి పేరు మీద వదిలిన మేత భూమి, కొమ్మ కూడా నరకరు. ఫోన్ మ్యాపు చూపించిన అడ్డదారి పట్టుకుని పోతే అరగంటకి దారి ఇసుకలో కలిసిపోయింది, జీపు చక్రం దిగబడింది. ఒక గొర్రెల కాపరి దూరం నుంచి చూసి వచ్చినాడు, ఎర్ర తలపాగా, చెవులకి బంగారు పోగులు. ఏమీ మాట్లాడకుండా ముందు చక్రాల్లో గాలి కొంచెం తీయించినాడు, ముళ్లకంప తెచ్చి కింద వేసినాడు, బండి బయటికొచ్చింది. డబ్బులివ్వబోతే వద్దన్నాడు. తన డబ్బాలో నీళ్లు మాత్రం మాకు ముందు పోసినాడు, తను చివర తాగినాడు. ఇక్కడ ఎవరి ఇంటికి పోయినా అంతే, నీళ్లు అడగకముందే వస్తాయి, పారబోస్తే మాత్రం చూపు మారుతుంది. నేను గ్లాసు కడిగిన నీళ్లు నేల మీద పోయబోతే హోటల్ పిల్లోడు చేయి అడ్డం పెట్టి మొక్కలో పోయించినాడు నిన్న.

కాపరి ఎందుకొచ్చినారు అని అడిగితే డ్రైవర్ హిందీలో చెప్పినాడు, వీళ్లు ఎడారి మీద పరిశోధన చేస్తున్నారని. ఆయన చుట్టూ చూసి, అది ధోరా అని ఇసుక దిబ్బని చూపించినాడు. అది మగరా అని రాళ్ల నేలని. ఇది ఓరణ్. ఆ పల్లం ఖడీన్. ఉప్పు తేలినచోటు రణ్. చేత్తో ఒక్కొక్కటీ చూపించి చెప్పినాడు గానీ 'ఎడారి' అని దేన్నీ చూపించలేదు. మా నాయన కూడా అంతే, ఎర్ర గరుసు, చౌడు, రేగడి, బీడు అంటాడు, తన పొలాన్ని ఎడారి అని ఎప్పుడూ అనలేదు. అనేది మేం చదువుకున్నోళ్లం.

ఓరణ్ అంచున కరెంటు టవర్లు మొదలవుతాయి. సర్కారు కాగితాల్లో చాలా ఓరణ్‌లు బంజరు కింద రాసి ఉన్నాయంట, బంజరంటే ఖాళీ, ఖాళీ అంటే సోలార్‌కి ఇవ్వొచ్చు. గొర్రెలు, ఒంటెలు, జమ్మి చెట్లు, నీటి గుంటలు, ఇన్ని ఉన్నా ఖాళీనే. ఇక్కడికి ఈశాన్యాన ఉన్న భడ్లా సోలార్ పార్క్ 2,245 మెగావాట్లు. మా పక్కన ఎన్.పి.కుంటలోనూ పెద్ద సోలార్ పార్కే. కరెంటు కావాలి, నేను కాదనను, బొగ్గు కన్నా ఎండ మేలు. కానీ ఏ నేల ఖాళీయో తేల్చేది ఎవరు, దాని మీద గొర్రెలు తోలేవాడిని ఒక్కమాట అడిగినారా లేదా, నాకు కావాల్సింది అది.

జనవరి 16, సమ్

జైసల్మేర్ దగ్గరి ఈ ఇసుక దిబ్బల మీద ఒంటె సవారీ 300. సాయంత్రం డీజే సౌండుకి ఇసుక కూడా అదిరింది, మాకు నచ్చలేదు, తొందరగా వచ్చేసినాం. పొద్దున మాత్రం డెజర్ట్ నేషనల్ పార్క్ గడ్డి మైదానంలో మూడు గంటలు బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం చూసినాం. కనపడలేదు. ఈ పక్షి కోసమే మన కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టినారు, ఇప్పుడక్కడ కనపడటం లేదు. గడ్డి మైదానాన్ని కూడా మనం బీడు అనే రాసుకుంటాం, చెట్లు లేకపోతే ఏమీ లేనట్టే లెక్క. కరెంటు తీగలకి తగిలి చచ్చిపోతున్నాయని గైడ్ చెప్తా ఉంటే దూరాన ఆ తీగలే మెరుస్తున్నాయి.

జనవరి 25, కణేకల్లు

ఇంటికొచ్చినాక ఆదివారం ఒక్కదాన్నే బస్సెక్కి రాయదుర్గం దాటి కణేకల్లు పోయినా. మన జిల్లాలో ఇసుక దిబ్బలు ఇక్కడే, వేదవతి, మేం హగరి అంటాం, ఆ ఏటి ఇసుకని గాలి ఎత్తి చేలల్లో పోస్తది. టీవీల్లో 'ఆంధ్రా ఎడారి' అని చూపించేది ఇదే. చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో వచ్చి దిబ్బ మీద జారినాం, అప్పుడు ఎడారి చూసినా అని ఇంట్లో చెప్పుకున్నా.

ఈసారి దిబ్బ పక్కన చేన్లో ఒక అవ్వ పారతో ఇసుక ఎత్తి గట్టు మీద పోస్తోంది. ఎండాకాలం గాలికి మళ్లీ వస్తది కదవ్వా అన్నా. "వస్తది నాయనా, మళ్లా ఎత్తుతాం" అనింది. ఏట్లో నీళ్లు పారినన్నాళ్లు ఇసుక తడిగా కదలకుండా ఉండేదంట, ఏరు ఎండినాకే ఈ తిప్పలని చెప్పింది. ఎడారి అంటారు కదా దీన్ని అన్నా. పార ఆపి నా వైపు చూసింది. "ఎవురు? ఇది మా చేను."

నేను బ్యాగ్‌లోంచి జోధ్‌పూర్ సాంగ్రీ పొట్లం తీసి చూపించినా, ఇంట్లో అమ్మకి సగం ఇచ్చి మిగతాది తెచ్చినా. వాసన చూసి ఏం కాయ అనింది. జమ్మి కాయ అవ్వా, అక్కడ కూర చేసుకుంటారు అన్నా. నమ్మలేదు. ఒకటి నోట్లో వేసుకుని నమిలి, మళ్లా ఒకటి వేసుకుని, గట్టు చివర ఒంటరిగా ఉన్న జమ్మి చెట్టు వైపు చూసి, కాయలు ఏ నెలలో కోస్తారో కనుక్కున్నావా అని అడిగింది. ఎండాకాలం, లేతగా ఉన్నప్పుడే అని చెప్పినా. అయితే అప్పుడు రాపో అనింది.